పెద్ద కంపెనీ పరపతి, చిన్న వర్తకుని వాయిదా

బహుళజాతి సంస్థల బ్యాంకింగుపై సరుకుల వర్తకులకు ఒక పాఠం

పెదపాడు పరిసరాల్లో బేరం కుదిరేటప్పుడు మొదట అడిగేది ధర. తరువాత తేమ శాతం, ఆపైన తరుగు. డబ్బు ఏ తేదీన చేతికి వస్తుందన్నది చివరి మాటగా మిగిలిపోతుంది. ఊళ్లోని రెండు మిల్లుల మధ్య బేరమైతే దీనివల్ల వచ్చే ముప్పు స్వల్పమే. ఇద్దరూ మొగం తెలిసినవారు. ఇవాళ కాకపోతే రేపు ఎదురుపడతారు. కాని కొనుగోలుదారు పెద్ద కంపెనీ అయినప్పుడు, అందునా బహుళజాతి సంస్థ అయినప్పుడు, ఆ చివరి మాటే మొదటి మాట కావలసి ఉంటుంది. ధరలో కనబడిన లాభం వాయిదాలో కరిగిపోయే ప్రమాదం ఇలాంటి బేరాల్లోనే ఎక్కువ.

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతాల సరుకుల్లో ఇటువంటి సంస్థల చేతికి చేరేవి తక్కువేమీ కాదు. మొక్కజొన్న, నూకలు, తవుడు కోళ్ల మేత, చేపల మేత, రొయ్యల మేత కర్మాగారాలకు పోతాయి. కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో అంతరపంటగా పండే కోకో గింజలు చాకొలెట్ కంపెనీలకు పోతాయి. కాడ్బరీ పేరుతో దేశంలో కోకో సాగుకు దారివేసిన సంస్థ ఇప్పుడు మాండెలీజ్ అనే అమెరికన్ బహుళజాతి సంస్థలో భాగం. కొవ్వూరులో మేత కర్మాగారం ఉన్న అవంతి ఫీడ్స్‌లో థాయ్ యూనియన్ అనే థాయిలాండ్ సంస్థకు వాటా ఉంది. చెరువుల్లో పెరిగిన రొయ్య శుద్ధి అయి, గడ్డకట్టి, ఓడ ఎక్కి అమెరికాలోని దిగుమతిదారుని గోదాముకు చేరుతుంది. అంటే గ్రామంలోని కాటా దగ్గర మొదలైన బేరానికి రెండవ కొస ఎక్కడో పరదేశంలోని బ్యాంకులో ఉంటుంది.

ఆ బ్యాంకు కంపెనీకి ఏమేమి సేవలు చేస్తుంది? వర్తకుని బిల్లు ఏ మెట్టు దగ్గర ఆగుతుంది? కంపెనీకి ఉన్న పరపతిని వర్తకుడు తన అవసరానికి వాడుకొనే మార్గం ఏది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం తెలిసినవాడు బేరంలో సగం గెలిచినట్లే.

ముందు రొక్కం, ఆనక సరుకు

విదేశీ కంపెనీలతో వ్యాపారం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తకస్థావరం పెట్టింది. డచ్చివారు అంతకు కొద్ది సంవత్సరాల ముందే అక్కడికి వచ్చారు; తరువాత పాలకొల్లులోనూ స్థావరం ఏర్పరచుకున్నారు. వారికి కావలసినది బట్ట. బట్ట నేసేవానికి నూలు కొనడానికి డబ్బు కావాలి. అందుచేత కంపెనీలు స్థానిక వర్తకులకు బయానా ఇచ్చేవి. వర్తకులు నేతగాళ్లకు ఇచ్చేవారు. ముందు రొక్కం, ఆనక సరుకు. సరుకు చేరకపోతే నష్టం మొదట కంపెనీదే. ఆ పద్ధతిలో నేతగాడు అప్పులో చిక్కుకోవడం అనే చెడు లేకపోలేదు. అయినా పెట్టుబడి పెట్టినది మాత్రం కంపెనీయే.

ఇప్పుడు వరస తిరగబడింది. ముందు సరుకు, ఆనక రొక్కం. సరుకు దిగిన 30 రోజులకో, 60 రోజులకో, 90 రోజులకో చెల్లింపు. ఆ మధ్య కాలంలో పెట్టుబడి ఎవరిది? మిల్లుదారుది, వర్తకునిది, కొన్నిచోట్ల రైతుది. వేల కోట్ల టర్నోవరు ఉన్న కంపెనీకి పెదపాడు మిల్లుదారు అప్పు ఇస్తున్నాడన్నమాట. ఈ అప్పుకు నోటు లేదు, వడ్డీ లేదు, తాకట్టు లేదు. వాయిదా అన్న మాటకు లెక్కల్లో అర్థం ఇదే.

కంపెనీ ఖజానా ఎక్కడ ఉంటుంది?

చిన్న వర్తకుని బ్యాంకు అతని ఊళ్లోనో పక్క పట్నంలోనో ఉంటుంది. మేనేజరుకు అతని గోదాము తెలుసు. నెలనెలా సరుకు నిల్వల పట్టిక ఇస్తే దానినిబట్టి క్యాష్ క్రెడిట్ ఖాతాలో వాడుకొనే మొత్తం నిర్ణయమవుతుంది. ఈ జిల్లాల్లో తరతరాలుగా నడిచిన పద్ధతి ఇదే. 1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్య మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు ఈ రకమైన వర్తక, వ్యవసాయ పరపతితోనే పెరిగింది. 1980లో అది జాతీయమైంది; 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది.

బహుళజాతి కంపెనీ సంగతి వేరు. దాని కొనుగోలు కేంద్రం ఏలూరు దగ్గర ఉండవచ్చు, కర్మాగారం మరో జిల్లాలో ఉండవచ్చు. కాని ఖజానా విభాగం ఒకచోటే, ముంబయిలోనో విదేశంలోనో ఉంటుంది. దానికి సేవ చేసే బ్యాంకులు కూడా పెద్దవే. స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకు పూర్వసంస్థ 1858లోనే కలకత్తాలో శాఖ తెరిచింది. సిటీ బ్యాంకు పూర్వసంస్థ 1902లో అక్కడికే వచ్చింది. ఇవిగాక స్టేట్ బ్యాంకు, పెద్ద ప్రైవేటు బ్యాంకులు ఈ రంగంలో ఉన్నాయి. ఇవి కంపెనీలకు చేసే సేవలను స్థూలంగా నాలుగు రకాలుగా చెప్పుకోవచ్చు.

మొదటిది నగదు నిర్వహణ. దేశంలో పలుచోట్ల ఉన్న ఖాతాల్లోని నిల్వలు రోజు ముగిసేసరికి ఒక ముఖ్య ఖాతాకు చేరే ఏర్పాటు ఇది. ఒక శాఖలో మిగులు, మరో శాఖలో అప్పు అనే పరిస్థితి రాదు. కాబట్టి కొనుగోలు కేంద్రంలోని ఉద్యోగి దగ్గర సాధారణంగా చెల్లించే అధికారమూ ఉండదు, డబ్బూ ఉండదు.

రెండవది స్వల్పకాలిక పెట్టుబడి. మంచి పేరున్న కంపెనీ బ్యాంకు అప్పు మీదనే ఆధారపడదు. కమర్షియల్ పేపరు అనే పూచీ లేని ప్రామిసరీ నోటు జారీచేసి మార్కెట్లో డబ్బు తెచ్చుకొంటుంది. రిజర్వు బ్యాంకు దేశంలో ఈ పద్ధతిని 1990లో ప్రవేశపెట్టింది. దీనిపై వడ్డీ, చిన్న వర్తకుడు క్యాష్ క్రెడిట్‌పై చెల్లించే వడ్డీకన్న సాధారణంగా తక్కువ.

మూడవది వర్తక సేవలు. లెటర్ ఆఫ్ క్రెడిట్, బ్యాంకు గ్యారంటీ, బిల్లుల వసూలు, బిల్లుల డిస్కౌంటు ఈ పద్దు కిందికి వస్తాయి. నాలుగవది విదేశీ మారక ద్రవ్యం. డాలరు పెరిగినా తరిగినా నష్టపడకుండా ముందస్తు ఒప్పందాలు చేసుకొనే ఏర్పాటు ఇందులో ఉంటుంది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. పెద్ద కంపెనీ ఆలస్యంగా చెల్లించడం డబ్బు లేక కావలసిన పనిలేదు. సరఫరాదారు ఇచ్చే వాయిదాకు వడ్డీ లేదు. బ్యాంకు ఇచ్చే అప్పుకు వడ్డీ ఉంది. ఖజానా అధికారి ఏది ముందు వాడుకొంటాడో వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు.

కాటా చీటీ నుంచి బ్యాంకు దాకా

లారీ కాటా మీదికి ఎక్కిన రోజే వాయిదా లెక్క మొదలైనట్లు వర్తకుడు అనుకొంటాడు. కంపెనీ లెక్కలో అలా కాదు. మూడు కాగితాలు ఒకదానితో ఒకటి సరిపోవాలి. ఒకటి కంపెనీ ఇచ్చిన కొనుగోలు ఆర్డరు. రెండవది సరుకు ముట్టినట్లు కర్మాగారం రాసుకొన్న రసీదు. మూడవది వర్తకుడు పంపిన ఇన్వాయిసు. ఆర్డరులో 20 టన్నులు, రసీదులో 19.6 టన్నులు, ఇన్వాయిసులో 20 టన్నులు ఉంటే బిల్లు అక్కడే ఆగుతుంది. ఆగిన సంగతి చాలాసార్లు ఎవరూ చెప్పరు. వర్తకుడు ఫోను చేసి అడిగిన నాడు బయటపడుతుంది.

మూడూ సరిపోయిన బిల్లులే చెల్లింపుల జాబితాకు ఎక్కుతాయి. ఆ జాబితాను ఖజానా విభాగం నిర్ణీత రోజుల్లో బ్యాంకుకు పంపుతుంది. వారానికి ఒక చెల్లింపు రోజు ఉన్న కంపెనీలో ఒక్క రోజు తప్పితే వారం తప్పినట్లే. బ్యాంకుకు చేరిన తరువాత మాత్రం ఆలస్యం లేదు. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్.టి.జి.ఎస్. 2020 డిసెంబరు నుంచి అన్ని రోజులూ, అన్ని వేళలా పనిచేస్తున్నాయి. కాబట్టి జాబితా బ్యాంకుకు చేరకముందు జరిగిన జాప్యానికి బ్యాంకు సెలవు కారణంగా చెబితే అది నిలిచే మాట కాదు.

దీనినుంచి తేలేది, తూకంలో తేడా వచ్చిన రోజునే ఇన్వాయిసును సరిదిద్దడం లాభం. నాలుగు క్వింటాళ్ల తగాదా కోసం ఇరవై టన్నుల బిల్లును నెలరోజులు ఆపుకోవడం తెలివిగల పని కాదు. తగాదా ఉన్న మేరకు క్రెడిట్ నోటు ఇచ్చి, మిగిలిన మొత్తాన్ని కదిలించి, తేడా సంగతిని విడిగా రాతపూర్వకంగా నడపవచ్చు.

వాయిదా ఖరీదు

ఉదాహరణకు ఒక మిల్లుదారు రూ. 40 లక్షల సరుకును 60 రోజుల వాయిదాపై అమ్మాడనుకొందాం. అతని లాభం నూటికి రూ. 2 చొప్పున రూ. 80,000. క్యాష్ క్రెడిట్‌పై వడ్డీ ఏడాదికి 11 శాతం అనుకొంటే, 60 రోజులకు వడ్డీ రూ. 72,329 అవుతుంది. మిగిలేది రూ. 7,671. చెల్లింపు మరో 7 రోజులు ఆలస్యమైతే ఇంకా రూ. 8,438 వడ్డీ పడుతుంది. లాభం పోయి చేతి డబ్బు పడినట్లే. ధరలో క్వింటాలుకు పది రూపాయల కోసం గంటసేపు బేరమాడిన మనిషి వాయిదాలో వారం రోజులను మాట్లాడకుండా వదిలేస్తే జరిగేది ఇదే.

మరో చిక్కు కూడా ఉంది. 90 రోజులు దాటిన బాకీలను బ్యాంకులు సాధారణంగా వాడుకొనే మొత్తం లెక్కలోకి తీసుకోవు. అంటే కంపెనీ దగ్గర బాకీ పాతబడిన కొద్దీ వర్తకుని ఖాతాలో దొరికే అప్పు తగ్గుతుంది. వసూలు కావలసిన డబ్బు రాదు. వాడుకోవలసిన అప్పు పుట్టదు. పంట దిగుబడి వచ్చే రోజుల్లో ఇలా జరిగితే రైతు దగ్గర సరుకు కొనే శక్తి పోతుంది. ఆ నష్టం ఏ ఇన్వాయిసులోనూ కనబడదు.

కంపెనీ పేరుతో చౌక వడ్డీ

ఇందుకు మార్గం ఉంది. వర్తకుని పరపతి చిన్నది కావచ్చు; అతని చేతిలోని బిల్లు మీద చెల్లించవలసినవాడి పరపతి పెద్దది. బిల్లు డిస్కౌంటు అంటే ఆ పెద్ద పరపతిని ఆధారం చేసుకొని ముందుగా డబ్బు తెచ్చుకోవడమే. హుండీల కాలంనుంచి వర్తకులకు తెలిసిన సూత్రమే ఇది. పేరున్న షావుకారు ఒప్పుకొన్న హుండీకి బజారులో తక్కువ వట్టం పడేది. పేరులేనివాని హుండీకి ఎక్కువ పడేది.

పై ఉదాహరణలోని రూ. 40 లక్షల బిల్లును కంపెనీ ఒప్పుకొన్న తరువాత 8 శాతం చొప్పున డిస్కౌంటు చేయించుకొంటే 60 రోజులకు ఖర్చు రూ. 52,603. క్యాష్ క్రెడిట్ వడ్డీతో పోలిస్తే రూ. 19,726 మిగులు. అంతేగాక క్యాష్ క్రెడిట్ పరిమితి కదలకుండా కొత్త సరుకు కొనడానికి సిద్ధంగా ఉంటుంది.

ఇందుకు రెండు ఏర్పాట్లు వాడుకలో ఉన్నాయి. మొదటిది కంపెనీ తన బ్యాంకుతో కుదుర్చుకొన్న సరఫరాదారుల పరపతి పథకం. కంపెనీ ఒప్పుకొన్న బిల్లులకు ఆ బ్యాంకే ముందుగా డబ్బు ఇచ్చి, గడువునాడు కంపెనీ నుంచి వసూలు చేసుకొంటుంది. ఇందులో వర్తకుడు తప్పక చూడవలసిన షరతు ఒకటి: కంపెనీ చెల్లించకపోతే బ్యాంకు వర్తకుని మీదికి తిరిగి వస్తుందా, రాదా? తిరిగి వచ్చే షరతు ఉంటే అది వర్తకుని అప్పే. పేరు మాత్రమే వేరు.

రెండవది ట్రెడ్స్ అని పిలిచే బిల్లుల విపణి. రిజర్వు బ్యాంకు అనుమతితో 2017 నుంచి ఇవి పనిచేస్తున్నాయి. చిన్న పరిశ్రమవారు తమ ఇన్వాయిసును ఇందులో ఉంచితే కంపెనీ దానిని ఒప్పుకొంటుంది. అప్పుడు పలు బ్యాంకులు వట్టం రేటు పాడతాయి. తక్కువ రేటు పాడినవారికి బిల్లు ఇవ్వవచ్చు. టొబాకో బోర్డు వేలంలో కొనేవారు పోటీ పడినట్లే ఇక్కడ అప్పు ఇచ్చేవారు పోటీ పడతారు. గడువునాడు కంపెనీ ఖాతా నుంచి డబ్బు తీసుకొంటారు. కంపెనీ చెల్లించకపోయినా అమ్మినవాని మీదికి తిరిగి రాకూడదన్నది దీని నిబంధన. రూ. 250 కోట్లకు మించిన టర్నోవరు ఉన్న కంపెనీలు ఇందులో నమోదు కావాలని 2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అంతకుముందు ఆ పరిమితి రూ. 500 కోట్లు.

అయితే నమోదు కావడం వేరు, బిల్లులను ఒప్పుకోవడం వేరు. కంపెనీ ఒప్పుకోని ఇన్వాయిసుకు ఎవరూ రేటు పాడరు. కాబట్టి బేరం కుదిరేటప్పుడే, బిల్లులను ట్రెడ్స్‌లో ఎన్ని రోజుల్లో ఒప్పుకొంటారో రాయించుకోవాలి.

చట్టం ఎవరి పక్షం?

2006 సంవత్సరపు సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం సూక్ష్మ, చిన్న సంస్థల బాకీలకు గడువు నిర్ణయించింది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించరాదు. ఒప్పందం లేకపోతే సరుకు ఒప్పుకొన్న నాటినుంచి 15 రోజులు. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు 3 రెట్లు చొప్పున, నెలనెలా కలిపే చక్రవడ్డీతో చెల్లించాలి. సరుకు బాగులేదన్న అభ్యంతరం ఉంటే ముట్టిన 15 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి, చెప్పకపోతే ఒప్పుకొన్నట్లే. నోటి మాటగా పెట్టిన కోతకు ఈ చట్టం ముందు విలువ లేదు.

దీనికి తోడు 2023 ఆర్థిక చట్టం ఒక పన్ను నిబంధన తెచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా చెల్లించని మొత్తాన్ని, చెల్లించిన సంవత్సరంలోనే ఖర్చుగా చూపుకోవాలి. ఇది 2024-25 అసెస్‌మెంటు సంవత్సరం నుంచి వర్తించింది. మార్చి నెలాఖరులో కంపెనీలు పాత బాకీలు తీర్చడానికి ముందుకు రావడానికి ఇదొక కారణం.

వర్తకులు జాగ్రత్తగా చదువుకోవలసినది ఇక్కడే ఉంది. ఈ రక్షణ అందరికీ లేదు. టోకు, చిల్లర వర్తకులను 2021 జులైలో ఉద్యం నమోదుకు అనుమతించినా, వారికి లభించేది ప్రాధాన్య రంగ రుణం మేరకే. ఆలస్యపు చెల్లింపులపై వడ్డీ కోరే హక్కు ఆ ఉత్తర్వు ద్వారా రాలేదు. మిల్లుదారు తాను ఆడించిన తవుడును తన పేరిట ఇన్వాయిసు రాసి అమ్మితే తయారీదారుగా 45 రోజుల గడువు కోరగలడు. అదే తవుడు వర్తకుని పేరిట ఇన్వాయిసుతో వెళితే ఆ హక్కు దారిలోనే ఆగిపోతుంది. సరుకు ఒకటే, లారీ ఒకటే, గోతాలు అవే. ఇన్వాయిసు మీది పేరు మారితే చట్టం మారుతుంది.

అందుచేత మధ్యలో ఉండే వర్తకునికి రెండు దారులు. మిల్లుదారు నేరుగా కంపెనీకి ఇన్వాయిసు ఇచ్చేటట్లు చేసి, తాను దలాలీ మాత్రమే తీసుకోవడం ఒకటి. తానే కొని అమ్మదలచుకొంటే, చట్టం ఇవ్వని గడువును ఒప్పందంలో రాయించుకోవడం రెండవది. ట్రెడ్స్‌లో చేరే అర్హత సంగతి కూడా తన బ్యాంకులో ముందుగా తేల్చుకోవడం మంచిది. మిల్లుదారులు సరఫరాకు ముందే ఉద్యం నమోదు చేయించుకొని, ఆ సంఖ్యను ప్రతి ఇన్వాయిసుపైన ముద్రించడం క్షేమం. 2025 ఏప్రిల్ 1 నుంచి టర్నోవరు పరిమితులు పెరిగాయి. సూక్ష్మ సంస్థకు రూ. 10 కోట్లు, చిన్న సంస్థకు రూ. 100 కోట్లు. పెట్టుబడి పరిమితి విడిగా ఉంది. వెనుక మధ్యతరహాలో ఉన్న కొన్ని మిల్లులు ఇప్పుడు చిన్న సంస్థల కిందికి వచ్చి ఉండవచ్చు. పాత ధ్రువపత్రాన్ని తిరిగి చూసుకోవాలి.

ఎల్.సి.లో చూసేది కాగితమే

కొల్లేరు చేపల వ్యాపారంలో కాగితం తక్కువ, నమ్మకం ఎక్కువ. శీలావతి, బొచ్చె మంచులో పెట్టుకొని పశ్చిమ బెంగాలుకు, అస్సాముకు లారీల్లో పోతాయి. ఫోనులో ధర, తరువాత డబ్బు. ఏళ్లతరబడి ఒకరితో ఒకరు వ్యాపారం చేసినవారి మధ్య ఇది నడుస్తుంది. సముద్రం దాటే సరుకుకు ఆ పద్ధతి చాలదు. అక్కడ నమ్మకం స్థానంలో బ్యాంకు నిలబడుతుంది.

లెటర్ ఆఫ్ క్రెడిట్, వాడుకలో ఎల్.సి., అంటే కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే మాట. చెప్పిన కాగితాలు, చెప్పిన రీతిలో, చెప్పిన గడువులో ఇస్తే డబ్బు ఇస్తామని దాని సారాంశం. ప్రపంచమంతటా దీనికి అంతర్జాతీయ వాణిజ్య మండలి రూపొందించిన నియమావళి వాడుకలో ఉంది. 2007 జులై 1 నుంచి అమలైన ఆ కూర్పును యు.సి.పి. 600 అంటారు. అందులోని మూలసూత్రం ఒక్కటే: బ్యాంకులు చూసేది కాగితాలను, సరుకును కాదు. రొయ్య ఎంత నాణ్యమైనదైనా కాగితం తప్పయితే బ్యాంకు చెల్లించనక్కరలేదు.

ఈ నియమావళిలో ఎగుమతిదారులు, వారికి సరుకు ఇచ్చేవారు కంఠతా పట్టవలసినవి ఇవి:

1. ఓడకు ఎక్కించిన తరువాత 21 రోజుల్లోగా కాగితాలు బ్యాంకుకు ఇవ్వాలి, ఎల్.సి.లో వేరే గడువు రాసి ఉంటే అదే వర్తిస్తుంది. ఎల్.సి. గడువును మాత్రం ఏ సందర్భంలోనూ దాటరాదు.

2. కాగితాలు చూసి తేల్చడానికి బ్యాంకుకు 5 పనిదినాలు ఉంటాయి. తప్పులుంటే అన్నిటినీ ఒకే నోటీసులో చెప్పాలి. ఇవాళ ఒకటి, వచ్చేవారం మరొకటి చెప్పే వీలు లేదు.

3. పరిమాణానికి ముందు ‘సుమారు’ అని రాస్తే 10 శాతం హెచ్చుతగ్గులు చెల్లుతాయి.

4. ఆ మాట లేకపోయినా, టన్నుల లెక్కన రాసిన సరుకుకు 5 శాతం సడలింపు ఉంది. వసూలు చేసే మొత్తం మాత్రం ఎల్.సి. మొత్తాన్ని దాటరాదు. బస్తాలు ఇన్ని, పెట్టెలు ఇన్ని అని రాస్తే ఆ సడలింపు లేదు. ఒక్క బస్తా తగ్గినా తప్పే.

5. ఒక కాగితంలోని వివరం మరొక కాగితంలోని వివరానికి విరుద్ధంగా ఉండరాదు.

మార్కెట్టు నిలకడగా ఉన్నప్పుడు చిన్న తప్పులను కొనుగోలుదారు చూసీ చూడనట్లు ఒప్పుకొంటాడు. ధర పడిపోయినప్పుడు అదే తప్పు అతనికి సాకు అవుతుంది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా అనేక భారతీయ సరుకులపై అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఇటువంటి సమయంలో దారిలో ఉన్న సరుకును వదిలించుకోవాలని చూసే దిగుమతిదారు మొదట వెదికేది కాగితంలోని తప్పునే. సుంకాల అంకెలు మారుతూ ఉంటాయి. ఈ సంగతి మారదు. కాగితం సరిగా ఉంటే ధర పడిన నష్టం కొన్నవానిది. సరిగా లేకపోతే అమ్మినవానిది.

ఎల్.సి. లేకుండా కేవలం వసూలు పద్ధతిలో పంపినప్పుడు బ్యాంకు పూచీ ఉండదని గుర్తుంచుకోవాలి. కాగితాలు చేరవేయడం, డబ్బు వస్తే తీసుకోవడం మాత్రమే బ్యాంకు పని. అటువంటప్పుడు ఇ.సి.జి.సి. బీమా రక్షణ తీసుకోవడం వివేకం.

పెదపాడు మిల్లుదారుకు దీనితో ఏమి పని అనుకోరాదు. కాకినాడ రేవు నుంచి బియ్యం పంపే ఎగుమతిదారు చేతిలో విదేశీ ఎల్.సి. ఉంటే, దాని ఆధారంగా తన పేరిట ఒక దేశీయ ఎల్.సి. ఇప్పించమని మిల్లుదారు అడగవచ్చు. అప్పుడు అతని బాకీ ఎగుమతిదారు మాట మీద గాక బ్యాంకు మాట మీద నిలుస్తుంది.

మారకం వేరు, ధర వేరు

పెద్ద కంపెనీ తన బ్యాంకు ద్వారా డాలరు రేటును ముందే కట్టుకొంటుంది. దీనివల్ల రూపాయి హెచ్చుతగ్గుల భయం పోతుంది; సరుకు ధర భయం పోదు. దానికి వాయిదా బజారులో వేరే ఏర్పాటు చేసుకొంటుంది. కోకో ఇందుకు మంచి ఉదాహరణ. న్యూయార్కు వాయిదా బజారులో టన్ను ధర 2024 డిసెంబరులో 12,000 డాలర్లు దాటింది. 2025లో బాగా పడిపోయింది. ఏలూరు జిల్లా కోకో రైతులు ఆ ఏడాది ధర కోసం ఆందోళనకు దిగారు. కంపెనీకి రెండు రక్షణలూ దొరుకుతాయి; గింజలు ఎండబెట్టి నిల్వ చేసిన రైతుకు, ఊళ్లో కొని పోగుచేసిన వర్తకునికి సాధారణంగా ఒక్కటీ ఉండదు. రక్షణ లేనివాడు చేయగలిగినది, ధర కట్టిన రోజుకూ సరుకు అప్పగించిన రోజుకూ మధ్య దూరం తగ్గించుకోవడం. ధర కట్టకుండా సరుకు అప్పగించడం అన్నిటికన్న ప్రమాదకరం.

బేరానికి ముందు అడగవలసినవి

పెద్ద కంపెనీతో బేరానికి కూర్చున్నప్పుడు ధర మాట్లాడేముందు ఈ సంగతులు తేల్చుకొని, ఆర్డరులో రాయించుకోవడం మేలు.

వాయిదా ఏ తేదీనుంచి లెక్క? కాటా తేదీయా, రసీదు తేదీయా, ఇన్వాయిసు తేదీయా?

చెల్లింపు రోజు వారానికి ఒకటా, నెలకు రెండా?

తూకంలో, తేమలో తేడా ఉంటే ఎన్ని రోజుల్లో, ఎవరు, ఏ రీతిగా తెలియజేస్తారు?

బిల్లును ట్రెడ్స్‌లో గాని, కంపెనీ బ్యాంకు పథకంలో గాని ఒప్పుకొంటారా? డిస్కౌంటు ఖర్చు ఎవరిది?

కంపెనీ చెల్లించకపోతే బ్యాంకు ఎవరి మీదికి వస్తుంది?

ఇన్వాయిసు ఎవరి పేరిట వెళుతుంది? ఆ పేరుకు చట్టరక్షణ ఉందా?

సమాధానాలు వచ్చిన తరువాత వాయిదాకు పడే వడ్డీని క్వింటాలుకు లెక్కగట్టి ధరకు కలిపి అడగాలి. 60 రోజుల ధర ఒకటి, రొక్కం ధర ఒకటి. రెండు ధరలూ పక్కపక్కన పెట్టినప్పుడు కంపెనీ ఖజానా అధికారికీ ఆ భాష బాగా అర్థమవుతుంది. అతడు రోజూ తన బ్యాంకుతో మాట్లాడేది అదే భాష. ఒప్పుకొంటే లాభం, ఒప్పుకోకపోతే ఆ సరుకుకు ఇంకో కొనుగోలుదారు ఉన్నాడో లేడో చూసుకోవడానికి ఇంకా వ్యవధి ఉంటుంది. లారీ బయలుదేరిన తరువాత ఆ వ్యవధి ఉండదు.